మీటరు బిగించే ముందు ఎర్త్ కొలవండి: విద్యుత్ పంపిణీ సంస్థలకు బహిరంగ లేఖ

గౌరవనీయులైన సీఎండీలకు, డీఈలకు, ఏడీఈలకు, సెక్షన్ ఏఈలకు నమస్కారం.

తెలంగాణ, ఆంధ్రప్రదేశ్‌లలో ఇళ్ల వైరింగ్ పని చేసే ఎలక్ట్రీషియన్లం, సూపర్‌వైజర్లం కలిసి రాస్తున్న లేఖ ఇది. కొత్త సర్వీసుకు మీటరు బిగించే రోజున ఆ ఇంటి ఎర్త్ (లీకైన కరెంటును నేలలోకి పంపే ఏర్పాటు) నిరోధం ఎన్ని ఓమ్‌లు ఉందో పరికరం పెట్టి కొలవండి. బోర్డులో ఆర్‌సీసీబీ (కరెంటు నేలకు లీకైతే లైను తెంచే స్విచ్) ఉందా, దాని పరీక్ష బటన్ నొక్కితే పడుతోందా, అంటే లైను తెంచుతోందా చూడండి. ఈ రెండూ సరిగా లేని ఇంటికి, అవి సరిచేసేదాకా సప్లై కలపకండి. మా కోరిక ఇంతే. పాత సర్వీసుల గురించి కూడా కొన్ని సంగతులు చెప్పాలి, అవి లేఖ చివర్లో ఉన్నాయి.

దండెం మీద తడి బట్టలు ఆరేస్తూ తల్లి, ఆమెను లాగబోయి కొడుకు. కూలర్‌లో నీళ్లు పోస్తూ ఒక పిల్లవాడు. మోటారు వేయబోయి ఇంటి పెద్ద. ఎండాకాలం మొదలుకొని వానలు తగ్గేదాకా జిల్లా పేజీల్లో ఈ వార్తలు ఏటా వస్తూనే ఉంటాయి. "విద్యుదాఘాతంతో మృతి" అన్న ఒక్క ముక్కతో అక్కడికి ముగుస్తాయి. ఏ వైరు దేనికి తగిలింది, కరెంటు ఎందుకు ఆగలేదు అన్నది ఎవరూ రాయరు. ఆ సంగతి తేలకపోతే తర్వాతి చావును ఆపడం కుదరదు. అందుకే ముందు అదే వివరంగా చెబుతాం.

"ఇంట్లో అన్నీ ఎంసీబీలే, ఇక షాక్ భయం లేదు" అని ఇంటి యజమానులు గట్టిగా నమ్ముతారు. ఎంసీబీ, అంటే కరెంటు మోతాదు మించితే దానంతటదే పడిపోయే స్విచ్, పెట్టేది వైరు కాలిపోకుండా. మనిషికి షాక్ కొడుతున్న సంగతి దానికి తెలియదు. తడి చేతులతో, చెప్పుల్లేకుండా ఫేజును (కరెంటు వచ్చే వైరును) ముట్టుకున్న మనిషి ఒంటి నిరోధం సుమారు 1000 ఓమ్‌లు అనుకోండి. 230 వోల్టులకు ఒంట్లోంచి పారేది 230 మిల్లీఆంప్‌లు, అంటే పావు ఆంప్ కూడా కాదు. లైట్లకు పెట్టే చిన్న ఎంసీబీయే 6 ఆంప్‌లది. 50 వాట్ల బల్బు వెలిగినా, మనిషి ప్రాణం పోతున్నా దానికి ఒకటే లెక్క. ఒంట్లోంచి 10 మిల్లీఆంప్‌లు దాటి పారితే కండరాలు బిగుసుకుపోయి, పట్టుకున్నదాన్ని వదల్లేం. 30 దాటి కాసేపు పారితే గుండె లయ తప్పే ప్రమాదం మొదలవుతుంది.

"మరి ఎర్తింగ్ ఉంది కదా" అంటారు. అదీ లెక్క వేసి చూద్దాం. గీజర్ ఎలిమెంట్ పగిలి ఫేజు ట్యాంకుకు తగిలింది. ఎర్త్ వైరు సరిగానే ఉంది. ఇంటి ఎర్త్ గుంత 5 ఓమ్‌లు, వీధిలో ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర న్యూట్రల్ (కరెంటు తిరిగి వెళ్లే వైరు) ఎర్త్ 5 ఓమ్‌లు. రెండూ మంచి ఎర్త్‌లే. కరెంటు నేల గుండా తిరిగి ట్రాన్స్‌ఫార్మర్‌కు చేరాలి కాబట్టి దారిలో మొత్తం 10 ఓమ్‌లు, పారేది 23 ఆంప్‌లు. గీజర్‌కు ఉన్నది 16 ఆంప్‌ల ఎంసీబీ. 16 ఆంప్‌లకు 1.45 రెట్లు, అంటే సుమారు 23 ఆంప్‌లు పారితే గంటలోపు పడితే చాలన్నది ఎంసీబీల ప్రమాణం. వెంటనే పడాలంటే సీ రకం ఎంసీబీకి కనీసం 80 ఆంప్‌లు కావాలి. అంటే మంచి ఎర్త్ ఉన్న ఇంట్లోనే గీజర్ ట్యాంకు మీద, దాంట్లోంచి వచ్చే నీళ్ల మీద 115 వోల్టులు గంటసేపు నిలబడవచ్చు. గుంత 20 ఓమ్‌లదైతే పారేది 9 ఆంప్‌లే, ఎంసీబీ అసలే పడదు, ట్యాంకు మీద 180 వోల్టుల పైనే ఉంటుంది.

సొంత ట్రాన్స్‌ఫార్మర్ ఉండి, దాని దగ్గర నుంచే ఎర్త్ కండక్టరును ప్రతి ఫ్లాటుకూ లాగిన పెద్ద అపార్ట్‌మెంట్లలో లెక్క వేరు. అక్కడ తిరుగుదారి రాగి వైరు గుండానే ఉంటుంది, ఓమ్‌లో కొంత భాగమే నిరోధం, వందల ఆంప్‌లు పారి ఎంసీబీ టక్కున పడుతుంది. స్తంభం మీది నుంచి రెండే వైర్లు దిగే ఇళ్లకు ఆ వెసులుబాటు లేదు. మన పల్లెలు, చిన్న పట్టణాలు, నగరాల్లోని పాత బస్తీలు చాలావరకు ఈ కోవలోనివే. అందుకే అక్కడ ఆర్‌సీసీబీ లేని ఎర్తింగ్‌ను మేం సగం పని కిందే లెక్కేస్తాం.

ఆర్‌సీసీబీ చూసేది ఒక్కటే: ఫేజులో వెళ్లిన కరెంటు మొత్తం న్యూట్రల్‌లో తిరిగి వచ్చిందా లేదా. 30 మిల్లీఆంప్‌లు తక్కువైతే, అవి ఎవరి ఒంట్లోంచో, ఏ తడి గోడలోంచో నేలకు పోతున్నట్టే లెక్క. 30 దగ్గర 0.3 సెకన్లలో, 150 మిల్లీఆంప్‌లు దాటితే 0.04 సెకన్లలో లైను తెగ్గొట్టాలన్నది ప్రమాణం. పైన చెప్పిన గీజర్‌కు 23 ఆంప్‌ల లీకేజీ వచ్చిన క్షణమే ఇది పడిపోతుంది, స్నానానికి వెళ్లిన మనిషి కుళాయి తిప్పేలోపే లైను తెగి ఉంటుంది. గుంత బాగా లేకపోయినా పనిచేస్తుంది. 50 వోల్టులను 30 మిల్లీఆంప్‌లతో భాగిస్తే 1600 ఓమ్‌ల పైచిలుకు వస్తుంది, అంత పాడు ఎర్త్‌తో కూడా బాడీ మీద 50 వోల్టులు దాటక ముందే లైను తెగుతుంది. అలాగని గుంతను వదిలేయమనడం లేదు. ఎర్త్ ఉంటే యంత్రం పాడైన క్షణమే ఆర్‌సీసీబీ పడుతుంది, ఎర్త్ లేకపోతే మనిషి ముట్టుకున్నాక పడుతుంది.

ఒక మాట నిజాయతీగా చెప్పాలి. ఒక చేత్తో ఫేజు, ఇంకో చేత్తో న్యూట్రల్ పట్టుకున్న మనిషిని ఆర్‌సీసీబీ కాపాడలేదు. వెళ్లిన కరెంటు మొత్తం తిరిగి వస్తోంది కాబట్టి దానికి తేడా కనపడదు. ఓవర్‌లోడ్‌కు కూడా ఇది పడదు, దానికి ఎంసీబీ విడిగా ఉండాల్సిందే. రెండు పనులూ ఒకే దాంట్లో కావాలంటే ఆర్‌సీబీఓ పెట్టుకోవాలి. కొనేటప్పుడు 30 మిల్లీఆంప్‌లు అని చూసుకోవాలి, 100, 300వి షాక్ కోసం చేసినవి కావు. ఇన్వర్టర్ ఏసీలు, ఇన్వర్టర్ వాషింగ్ మెషీన్లు ఉన్న ఇంట్లో 'AC' అని రాసి ఉన్న టైపు కాకుండా 'A' అని రాసి ఉన్న టైపు ఆర్‌సీసీబీ తీసుకోవాలి. రెండు పోల్‌ల (ఫేజు, న్యూట్రల్ రెండూ తెంచే) ఆర్‌సీసీబీ కంపెనీని బట్టి రెండు వేల రూపాయల అటూఇటూగా వస్తుంది. ఇంటి ముందు గ్రానైట్‌కు పెట్టే ఖర్చులో ఇది ఎంత?

ఇప్పుడు గుంత సంగతి. ఇళ్లకు వేసే పైపు ఎర్త్‌కు 40 మిల్లీమీటర్ల జీఐ (జింకు పూత ఇనుప) పైపు రెండున్నర మీటర్ల పొడవుది కావాలి, అంత లోతు గుంత తవ్వాలి. పైపు చుట్టూ బొగ్గు, ఉప్పు వరసలు వేసి, పైన నీళ్లు పోయడానికి గరాటు, ఇటుకల తొట్టి, మూత పెట్టాలి. చాలా ఇళ్లలో జరిగేది ఇది కాదు. మూడడుగుల గొయ్యి తీసి, మిగిలిపోయిన స్లాబు చువ్వ ఒకటి పాతి, దానికి జీఐ వైరు నాలుగు చుట్లు చుట్టి, పైన సిమెంటు పోసేస్తారు. ఏడాది తిరక్కుండానే ఆ చుట్లకు తుప్పు పడుతుంది, మూత లేదు కాబట్టి ఎవరికీ కనపడదు. చుట్టిన జాయింటును ఎర్త్ కింద లెక్కపెట్టకండి. క్లాంపు, బోల్టు, లగ్గుతో బిగించినదే జాయింటు, అది విప్పి కొలవగలిగేలా ఉండాలి.

నేలను బట్టి కూడా తేడా ఉంటుంది. హైదరాబాద్ చుట్టుపక్కల రాతి నేలలో రెండున్నర మీటర్లు దిగడమే కష్టం. అలాంటి చోట ఒక్క గుంతతో సరిపెట్టకుండా, కనీసం 5 మీటర్ల ఎడంతో రెండు మూడు తీసి జీఐ పట్టీతో కలపాలి. ఎడం తగ్గితే రెండు గుంతలూ ఒకే మట్టిని పంచుకుంటాయి, రెండోదానికి పెట్టిన డబ్బు దండగ. రాయలసీమ గరుకు నేలల్లో, తెలంగాణ ఎర్రమట్టిలో వానల్లో 4 ఓమ్‌లు చూపిన గుంత మే నెలలో దానికి కొన్ని రెట్లు చూపగలదు, కాబట్టి వేసవిలో వారానికోసారి రెండు బిందెల నీళ్లు పోయడం ఇంటివాళ్ల పని. కోనసీమ, దివిసీమల్లో నేల ఎప్పుడూ తడే, ఓమ్‌లు తక్కువే వస్తాయి. కానీ ఆ ఉప్పు తడికి జీఐ త్వరగా తినుకుపోతుంది, అక్కడ కొలత కన్నా జాయింట్ల తనిఖీ ముఖ్యం.

కొలవడం అంటున్నాం కదా, ఇక్కడ మీ సిబ్బందికీ మా తోటి ఎలక్ట్రీషియన్లకూ ఒక పాత అలవాటు మాన్పించాలి. 100 వాట్ల బల్బు హోల్డర్ పట్టుకుని ఒక వైరు ఫేజులో, ఇంకోటి ఎర్త్‌లో పెడతారు. బల్బు వెలిగితే "ఎర్త్ సూపర్" అంటారు. 100 వాట్ల బల్బు వెలిగేటప్పుడు దాని నిరోధం 529 ఓమ్‌లు. ఎర్త్ 50 ఓమ్‌లు ఉన్నా, అంటే బాగా పాడు ఎర్త్ అయినా, బల్బుకు 210 వోల్టులు అందుతాయి. కంటికి తేడా తెలియదు. ఆ బల్బు చెప్పేది వైరు ఎక్కడో నేలకు తగిలి ఉందని మాత్రమే. పైగా వైరు చేత్తో పట్టుకుని చేసే పని.

సరైన కొలతకు ఎర్త్ టెస్టర్ కావాలి. మెయిన్ ఆపి, గుంత దగ్గర ఎర్త్ వైరును విప్పి, గుంత నుంచి ఒకే వరసలో రెండు ఇనుప మేకులు దిగ్గొట్టాలి. దూరపు మేకు 30 మీటర్ల దగ్గర, మధ్య మేకు అందులో 62 శాతం దగ్గర, అంటే సుమారు 18.5 మీటర్ల దగ్గర. రీడింగ్ తీసుకుని, మధ్య మేకును రెండు మీటర్లు అటు, రెండు మీటర్లు ఇటు జరిపి మళ్లీ చూడాలి. మూడు రీడింగులూ దగ్గర దగ్గరగా వస్తేనే ఆ అంకెను నమ్మవచ్చు. ఇంటికి 5 ఓమ్‌ల లోపు వస్తే మంచిది. గల్లీలో మేకులు దింపే చోటు లేకపోతే, మూడు పిన్నుల సాకెట్‌లో పెట్టి కొలిచే లూప్ టెస్టర్లున్నాయి. ఆర్‌సీసీబీ పడకుండా కొలిచే రకం తీసుకోవాలి. సెక్షన్‌కు ఒక ఎర్త్ టెస్టర్, ఒక లూప్ టెస్టర్, ఒక 500 వోల్టుల మెగ్గర్ (వైర్ల ఇన్సులేషన్ కొలిచే పరికరం) ఇవ్వడం పంపిణీ సంస్థకు మోయలేని ఖర్చు కాదు.

పరీక్ష పెట్టినప్పుడు ఇంకో దొంగ ఎర్త్ దొరుకుతుంది, అది అన్నిటికన్నా ప్రమాదం. ఎర్త్ వైరు లాగని ఇంట్లో సాకెట్ వెనక ఎర్త్ పిన్నును న్యూట్రల్‌కు చిన్న ముక్క వైరుతో కలిపేస్తారు. టెస్టర్‌కు అంతా బాగానే ఉన్నట్టు కనిపిస్తుంది, బల్బూ వెలుగుతుంది. ఒక రోజు మీటరు దగ్గరో స్తంభం దగ్గరో న్యూట్రల్ వదులవుతుంది. ఆ క్షణం నుంచి ఆన్‌లో ఉన్న ఏదో ఒక ఫ్యాను గుండా ఫేజు న్యూట్రల్‌లోకి, అక్కడి నుంచి ఆ ముక్క వైరు గుండా ఫ్రిజ్ తలుపు మీదికి, వాషింగ్ మెషీన్ బాడీ మీదికి వచ్చేస్తుంది. యంత్రాల్లో ఏ లోపమూ లేదు, ఎంసీబీకీ పడే కారణం లేదు. మీ మనిషి ఒక సాకెట్ విప్పి చూస్తే ఇది నిమిషంలో తెలిసిపోతుంది. కుళాయి పైపుకు ఎర్త్ కట్టడం కూడా ఇలాంటిదే. ఒకప్పుడు జీఐ పైపులు నేలలో ఉండేవి, ఇప్పుడన్నీ ప్లాస్టిక్ పైపులు. ఆ పైపుకు కట్టిన ఎర్త్ ఎక్కడికీ పోదు.

వైరు సైజుల గురించి రెండు ముక్కలు. లైట్లు, ఫ్యాన్లకు 1.5 స్క్వేర్ ఎంఎం రాగి వైరు, 6 ఆంప్‌ల ఎంసీబీ. సాధారణ సాకెట్లకు 2.5. గీజర్, ఏసీ, ఓవెన్ లాంటి 16 ఆంప్‌ల సాకెట్లకు ఒక్కోదానికి బోర్డు నుంచి విడిగా 4 స్క్వేర్ ఎంఎం, దానితోపాటు అదే సైజు ఎర్త్ వైరు. పాయింటు లెక్కన గుత్తకిచ్చిన పనిలో ముందు మాయమయ్యేది ఈ పచ్చ ఎర్త్ వైరే. గోడ పూత అయ్యాక ఎవరికీ కనపడదని వాళ్ల ధీమా. ఏసీకి 2.5 లాగి, ఎంసీబీ తరచూ పడుతుంటే 16 తీసి 32 ఆంప్‌లది పెట్టడం ఇంకో అలవాటు. అలా చేస్తే ఎంసీబీకి బదులు గోడలో వైరు కాలుతుంది. ఎంసీబీ పెంచాలంటే ముందు వైరు మార్చాలి.

ఇక ఆర్‌సీసీబీ పెట్టిన ఇళ్లలో కూడా అది ఏడాదికి ఎందుకు మిగలడం లేదో చెప్పాలి. తొలకరి వానకు రాత్రి పదకొండింటికి ఆర్‌సీసీబీ పడుతుంది. మళ్లీ ఎత్తితే మళ్లీ పడుతుంది. ఇంటివాళ్లు ఫోన్ చేస్తారు, వచ్చిన మనిషి కారణం వెతకడు. లోపలికి వచ్చే రెండు వైర్లనూ బయటికి పోయే రెండు వైర్లతో కలిపేసి, "ఇది డెలికేట్ అండీ, మన కరెంటుకు పనికిరాదు" అని చెప్పి వెళ్లిపోతాడు. ఆ ఇంట్లో అంతవరకూ ఎక్కడో లీకవుతున్న కరెంటు ఇక నిరాటంకంగా లీకవుతుంది.

కారణం వెతకడం కష్టమేమీ కాదు. బోర్డులో ఎంసీబీలన్నీ కిందికి దించి, ఆర్‌సీసీబీ ఒక్కదాన్నే ఎత్తండి. నిలబడితే, ఎంసీబీలు ఒక్కోటి ఎత్తుకుంటూ పోండి. ఏది ఎత్తగానే పడిందో ఆ సర్క్యూట్‌లోనే లోపం. అందులోని ప్లగ్గులన్నీ పీకి, మళ్లీ ఒక్కోటి పెడితే గీజరా, పాత ఫ్రిజ్జా, తడిసిన గేటు లైటా తెలిసిపోతుంది. అన్ని ఎంసీబీలూ దించినా ఆర్‌సీసీబీ నిలబడకపోతే, న్యూట్రల్ ఎక్కడో ఎర్త్‌కు తగులుతోంది. ఒక్క పోల్ ఎంసీబీ ఫేజును మాత్రమే తెంచుతుంది, న్యూట్రల్‌ను వదిలేస్తుంది కాబట్టి ఆ లోపం ఎంసీబీలతో దొరకదు. మెయిన్ ఆపి, న్యూట్రల్ బార్ మీది వైర్లు ఒక్కోటి విప్పుతూ చూడాలి. చాలాసార్లు అది స్విచ్ బోర్డు పెట్టెలో స్క్రూ కింద నలిగిన న్యూట్రల్ వైరే అయి ఉంటుంది.

ఇంకో కారణం ఇన్వర్టర్. బ్యాటరీ ఇన్వర్టర్ పెట్టేవాళ్లు దాని ఫేజును విడిగా లాగి, న్యూట్రల్‌ను మాత్రం దగ్గర్లో ఏది దొరికితే దానికి కలిపేస్తారు. ఒక ఆర్‌సీసీబీ గుండా వెళ్లిన ఫేజు ఇంకో దారిన తిరిగొస్తే అది పడక ఏం చేస్తుంది? ఇన్వర్టర్ మీద నడిచే లైట్లు, ఫ్యాన్లకు ఫేజుతోపాటు న్యూట్రల్ కూడా విడిగా ఉండాలి, వాటికి సొంత న్యూట్రల్ బార్, సొంత 30 మిల్లీఆంప్‌ల ఆర్‌సీసీబీ ఉండాలి. కరెంటు పోయినప్పుడు ఇన్వర్టర్ ఇచ్చేది కూడా 230 వోల్టులే, మెయిన్ దగ్గరి ఆర్‌సీసీబీ దాన్ని చూడలేదు. పెద్ద ఇంట్లో అయితే మొత్తానికి ఒకటే పెట్టకుండా కింది అంతస్తుకు ఒకటి, పైదానికి ఒకటి, గీజర్లకు ఒకటి పెట్టడం మంచిది. టీవీ, కంప్యూటర్, చార్జర్ ఒక్కోటి కొంచెం కొంచెం లీక్ చేస్తుంది, అవన్నీ కలిస్తే 15 దాటగానే కొన్ని ఆర్‌సీసీబీలు పడిపోతాయి. అది లోపం కాదు, 15 నుంచి 30 మధ్య ఎక్కడైనా పడవచ్చన్నది వాటి ప్రమాణమే.

ఇంతవరకూ చెప్పింది మా పని, ఇంటివాళ్ల పని, మీ తనిఖీ. ఇక చెప్పేది పూర్తిగా మీ చేతిలో ఉన్నది. ఇంట్లో ఎంత మంచి ఆర్‌సీసీబీ పెట్టినా, అది మీటరు తర్వాతే ఉంటుంది. స్తంభం నుంచి మీటరు దాకా వచ్చే సర్వీసు వైరు దాని కాపలాలో లేదు.

రేకుల ఇంటి సర్వీసును ఒకసారి దగ్గరగా చూడండి. స్తంభం నుంచి వచ్చే వైరును జీఐ బేరర్ వైరుకు (బరువు మోసే తీగకు) చుట్టి తెస్తారు. ఇంటి వైపు ఆ బేరర్‌ను రేకుల కింది ఇనుప పైపుకే కట్టేస్తారు, పింగాణీ ఇన్సులేటర్ ఉండదు. అదే పైపుకు ఇంకో పక్క నుంచి జీఐ వైరుతో దండెం కడతారు, ఎదురుగా వేపచెట్టుకో గుంజకో లాగుతారు. గాలికి సర్వీసు వైరు బేరర్‌కు, రేకు అంచుకు ఒరుసుకుని ఒరుసుకుని, ఎండకు పెళుసైన ఇన్సులేషన్ ఒక చోట ఊడుతుంది. ఎండగా ఉన్నన్నాళ్లూ ఏమీ తెలియదు. వాన పడగానే బేరర్, పైపు, రేకులు, దండెం అన్నీ ఫేజు మీద ఉంటాయి. నేల తడి, కాళ్లకు చెప్పుల్లేవు, చేతిలో తడి చీర. ట్రాన్స్‌ఫార్మర్ దగ్గరి ఫ్యూజుకు ఈ లీకేజీ లెక్కలోకే రాదు. లాగబోయిన మనిషి కూడా అందుకే పోతాడు.

ఇక్కడ కావలసినవి నాలుగే పనులు. బేరర్ వైరుకు స్తంభం వైపు, ఇంటి వైపు రెండు చోట్లా ఇన్సులేటర్. సర్వీసు దించడానికి ఇంటి పైకప్పుతో సంబంధం లేని విడి పైపు లేదా గోడకు బిగించిన బ్రాకెట్. సర్వీసు వైరులో మధ్యలో జాయింటు లేకుండా ఒకే ముక్క, రేకు అంచు తగిలే చోట ప్లాస్టిక్ పైపు తొడుగు. దండేనికి నైలాన్ తాడు. సర్వీసు వైరు కొనుక్కునేది వినియోగదారుడే అయినా స్తంభం ఎక్కి కలిపేది మీ లైన్‌మ్యానే. రేకుల పైపుకు కట్టిన బేరర్ కనపడితే కలపనని చెప్పే అధికారం, ధైర్యం అతనికి మీరివ్వాలి. ప్లాస్టిక్ తొడుగున్న జీఐ దండేన్ని కూడా నమ్మవద్దని చెప్పించండి. ముడి వేసిన చోట ఆ తొడుగు తెగి లోపలి ఇనుము బయటపడుతుంది.

నిబంధనల మాట. కేంద్ర విద్యుత్ ప్రాధికార సంస్థ 2023 భద్రతా నిబంధనల ప్రకారం ఇళ్ల సర్వీసులకు 30 మిల్లీఆంప్‌లు మించని లీకేజీ రక్షణ పరికరం ఉండాలి. మీటరు దగ్గర వినియోగదారుడికి ఎర్త్ టెర్మినల్ ఇచ్చి, దాన్ని సరిగా ఉంచే బాధ్యతను నిబంధనలు సరఫరాదారు మీదే పెట్టాయి. సప్లై కలిపే ముందు ఇన్‌స్టలేషన్‌ను పరీక్షించాలనీ ఉంది. ఎలక్ట్రానిక్ వస్తువులు పీకేసి, 500 వోల్టుల మెగ్గర్‌తో నిమిషంపాటు చూస్తే లైను, ఎర్త్ మధ్య కనీసం 1 మెగాఓమ్ రావాలి. కాగితం మీద ఇవన్నీ జరుగుతున్నాయి. దరఖాస్తుకు జతచేసే టెస్ట్ రిపోర్టులో ఓమ్‌లు, మెగాఓమ్‌లు అన్నీ చక్కగా నింపి ఉంటాయి, ఇల్లు చూడకుండా సంతకం పెట్టిన రిపోర్టుల్లో కూడా. ఆ అంకెను మీటరు బిగించే మనిషి అక్కడికక్కడే మళ్లీ కొలిచి, మీటరు ఫొటోతోపాటు టెస్టర్ రీడింగ్ ఫొటో కూడా అప్‌లోడ్ చేయాలన్న ఒక్క నియమం పెట్టండి. తప్పుడు రిపోర్టులు ఆ నెలలోనే తగ్గిపోతాయి.

మమ్మల్ని అన్నిటికన్నా బాధపెట్టేది ఆ నిబంధనలోని మినహాయింపు. 2 కిలోవాట్లలోపు సర్వీసులకు ఆ పరికరం తప్పనిసరి కాదు. రెండు బల్బులు, ఒక ఫ్యాను, ఒక టీవీ, ఒక రేకుల కూలర్ ఉన్న ఇల్లు ఈ లెక్కలోనే వస్తుంది. గోడ తడిసేది అక్కడే, చెప్పుల్లేకుండా తిరిగేది అక్కడే, రెండు పిన్నుల ప్లగ్గుతో ఇనుప కూలర్ నడిచేది అక్కడే. మినహాయింపు ఉందంటే పెట్టకూడదని కాదు. ఆ ఇళ్లకు మీరు మీటరు, మీటరు పెట్టె ఇస్తున్నారు. అదే పెట్టెలో 25 ఆంప్‌ల రెండు పోల్‌ల ఆర్‌సీసీబీ కూడా బిగించి ఇవ్వండి. వేల సంఖ్యలో టెండరు పిలిచి కొంటే బజారు ధర కన్నా బాగా తగ్గుతుంది. మీటరు పెట్టెలోనే ఉంటుంది కాబట్టి రాత్రిపూట వచ్చి బైపాస్ చేయడానికి సీలు అడ్డు ఉంటుంది, మీట, బటన్ మాత్రం బయటికి అందేలా కిటికీ వదలాలి.

పాత ఇళ్లకు ఒక తేలిక మార్గం ఉంది. స్పాట్ బిల్లింగ్ మనిషి నెలనెలా ప్రతి గడపకూ వస్తాడు. ఆర్‌సీసీబీ మీద టీ అక్షరంతో ఉండే బటన్‌ను నెలకోసారి నొక్కాలని ప్రతి కంపెనీ చెబుతుంది. నొక్కకుండా ఏళ్లు గడిస్తే లోపలి మీట బిగుసుకుపోయి అవసరమైన రోజు పడదు. "ఈ నెల బటన్ నొక్కారా?" అని అతను అడగాలి, ఇంటివాళ్లు అతని ముందే నొక్కాలి, జవాబు బిల్లు మీద ఒక గడిలో అచ్చవ్వాలి: ఉంది పడింది, ఉంది పడలేదు, లేదు. ఏడాదిలో ఏ సెక్షన్‌లో ఎన్ని ఇళ్లకు రక్షణ లేదో మీ దగ్గర జాబితా తయారవుతుంది. బటన్ పడినంత మాత్రాన ఎర్త్ బాగుందని అర్థం కాదనీ, అది లోపలి మీటను మాత్రమే పరీక్షిస్తుందనీ సిబ్బందికి చెప్పండి.

బిల్లు వెనక ఖాళీగా ఉన్న చోట ఈ నాలుగు సంగతులు తెలుగులో అచ్చు వేయించండి. కూలర్‌లో నీళ్లు పోసే ముందు స్విచ్ ఆపితే చాలదు, ప్లగ్గు పీకాలి. స్విచ్ న్యూట్రల్ మీద ఉన్న ఇంట్లో ఆపాక కూడా ఫేజు మోటారు దాకా ఉంటుంది. వాటర్ హీటర్ రాడ్ బకెట్‌లో ఉండగా నీళ్లలో వేలు పెట్టి వేడి చూడకూడదు. మూడు పిన్నుల ప్లగ్గులో పెద్ద పిన్ను విరగ్గొట్టకూడదు, అది పొడుగ్గా ఉన్నది అన్నిటికన్నా ముందు ఎర్త్ తగలాలనే. ఎవరికైనా షాక్ కొడుతుంటే చేత్తో లాగకుండా ముందు మెయిన్ ఆపాలి. అది అందకపోతే పొడి కర్రతో విడిపించాలి. సర్వీసు వైరుతో వచ్చిన షాక్ అయితే ఇంటి మెయిన్ ఆపినా కరెంటు పోదు, 1912కు, 108కు ఫోన్ చేసి, ఎవరినీ దగ్గరికి పోనివ్వకూడదు. మనిషి విడిపడ్డాక ఊపిరి లేకపోతే వెంటనే ఛాతీ మధ్య గట్టిగా, నిమిషానికి 100 నుంచి 120 సార్లు నొక్కుతూ ఉండాలి.

వానలకు ముందే రేకుల ఇళ్ల సర్వీసుల తనిఖీ మొదలుపెట్టండి. లైన్‌మ్యాన్‌కు కంటితో చూస్తే తెలిసే పని అది, ఏ పరికరమూ అక్కర్లేదు. ఎర్త్ టెస్టర్, లూప్ టెస్టర్, మెగ్గర్ వాడకం సెక్షన్ సిబ్బందికి నేర్పడానికి ఒక పూట చాలు. మీరు ఏ సబ్‌స్టేషన్ ఆవరణలో చోటు చూపించినా మా పరికరాలతో వచ్చి రుసుము లేకుండా నేర్పుతాం.

ఇట్లు,
ఇళ్ల వైరింగ్ పనిలో ఉన్న ఎలక్ట్రీషియన్లు, వైరింగ్ సూపర్‌వైజర్లు